ఇంకొక్క మలుపు

కరెంటు బిల్లు వెనకవైపు రాసుకుంటున్నాం ప్రయాణం.
విజీనారం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు:
ఇక్కడిదాకా గీత తిన్నగానే వచ్చింది.
పి.కోనవలస దాటేక
గౌరునాయుడి చేతిలో పెన్ను
మెలికలు తిరగడం మొదలెట్టింది.
పైన సునాబేడ. మా అప్పావాళ్ళ క్వార్టర్సు.
మే నెల్లో కూడా తెల్లారగట్ల దుప్పటి కావాలట అక్కడ.
ఆ ఒక్క మాటకే
మడిచీ విప్పీ ఈ బిల్లంతా నలిగిపోయింది.

నాది కిలోమీటర్ల లెక్క కాదు.
పిల్లకి ఏడాదీ ఏడు నెలలు.
ఎన్ని మలుపులకి ఒక వాంతి అన్నది నా లెక్క.
బొబ్బిలి పెళ్ళికి వెళ్ళినప్పుడు
తిన్నని రోడ్డు మీదే, మానాపురం దాటకుండానే,
నా పట్టుచీర మీద పెరుగన్నం కక్కేసింది.
అందుకని గౌన్లు రెండు కాదు, ఆరు.
కవర్లు, తడిగుడ్డలు, వేన్నీళ్ళ ఫ్లాస్కు,
వేయించి బెల్లం కలిపిన చోడిపిండి డబ్బా,
వాసన చూపించడానికి నిమ్మకాయ.

"మూడింటికి ఎలిపోతే
సాలూరు దాకా పడుకునే ఉంటాది" అంటాడాయన.
మూడింటికి లేచి కూర్చుని
కాకి కావాలనే పిల్ల అది.
రాత్రుళ్ళు ఆయనే పడుకుంటాడు కదా, తెలీదు.

మావగారు ముప్పై ఏళ్ళు ఆ ఘాటు మీదే లారీ తోలారు.
మంచం దిగకుండానే చెప్పారు:
"ఎక్కే బండికి దిగే బండి దారియ్యాల.
ఆపాలనిపిస్తే ఆపీండి, సిగ్గుపడకండి.
ఇంకోటి, గుంటకి కొండా కొండా అని
ముందే ఊరించకండి.
వచ్చినప్పుడు అదే సూస్తాది."

పైడిశ్రీ సాయం చేస్తోంది.
నేను సర్దినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి
తన సామాను లోపల పెడుతోంది:
ఒక కాలి చెప్పు, టీవీ రిమోటు,
చపాతీ కర్ర,
నిన్న తిన్న ముంజికాయ డొప్ప.
మా కాగితంలోలా కొట్టివేతల్లేవు దాని సంచిలో.

ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది.
కణపాక వీధంతా ఒక్కసారి "ఆఁ" అంది.
ఉక్క. పిల్ల మెడ చుట్టూ చెమటకాయలు.
ఇన్వర్టరు పది నిమిషాలు మూలిగి ఊరుకుంది.
ముందు ఎవరికి తోచిందో గుర్తు లేదు,
ముగ్గురం వెళ్ళి కారులో కూర్చున్నాం.
ఏసీ వేస్తే ముందొక తడిగోనె వాసన,
చాలాసేపటికి చల్లగాలి.

కొత్త సీట్లో బెల్టు పెట్టబోతే
విల్లులా వంగి ఏడ్చింది.
ఆయన స్టీరింగు పట్టుకుని
నోటితో గేరు మార్చాడు.
"ఇదిగో సాలూరు. ఇదిగో చెక్‌పోస్టు.
ఎదర లారీ, పోం పోం!"
ఎడమకి ఒరిగాం. కుడికి ఒరిగాం.
పిల్ల మాకంటే ఎక్కువ ఒరిగింది
నవ్వు ఎక్కిళ్ళయ్యేదాకా.
సుంకి ఎక్కాం. ఒక్క వాంతి లేదు.
పొట్టంగి దగ్గరెక్కడో
రిమోటు పట్టుకునే పడుకుండిపోయింది.

అద్దంలోంచి ఎదురింటి ప్రహరీ,
దాని మీద ఎవరో ఆరేసి మర్చిపోయిన బొంత.
ఆ చీకట్లో, కొంచెం కళ్ళు చిట్లిస్తే,
కొండ అంచని నమ్మొచ్చు.
పెట్రోలు ముల్లు కిందికి దిగుతోంది.
ఇద్దరం చూశాం, ఎవరమూ అనలేదు.
బిల్లు లోపలే ఉండిపోయింది, టేబులు మీద,
దారి ఒకవైపు,
కట్టాల్సిన ఆఖరి తేదీ ఇంకోవైపు.

కరెంటు వచ్చింది.
వీధి "హమ్మయ్య" అంది.
మా ఇంట్లో ఫ్యాను తిరగడం కిటికీలోంచి కనిపిస్తోంది.
మేం దిగలేదు. తలుపు చప్పుడైతే లేస్తుంది.

"పోదామా?" అన్నాడు గుసగుసగా.
"ఎక్కడికీ?"
"ఇంట్లోకే."
"ఇంకొక్క మలుపు" అన్నాను.